బాల్జ్ కుడి జేబు

ఈ లోకంలో పాడయ్యే వస్తువంటూ ఏదున్నా, దాన్ని బాగుచేసే సాధనం తన కుడి జేబులోనే ఉందని బాల్జ్ రైనర్ నమ్మకం. ఆ సాధనం ఒక ఎర్రటి మడత కత్తి. మూసి ఉన్నంతసేపూ బుద్ధిగా అరచేతిలో ఇమిడిపోతుంది. విప్పడం మొదలుపెడితే మాత్రం పీత కాళ్ళు చాపినట్టు అన్నివైపుల నుంచీ ఏవేవో బయటికొస్తాయి. పెద్ద కత్తి, చిన్న కత్తి, రంపం, కత్తెర, డబ్బా మూత కోసే ముక్కు, సీసా మూత లేపే కొక్కెం, బిరడా లాగే మర, తోలుకు బెజ్జం పెట్టే ఆరె, ముల్లు తీసే శ్రావణం. పళ్ళు కుట్టుకునే పుల్ల కూడా ఉండేదిగానీ అది కొన్న నెలలోనే పోయింది. మా లోయలో మగపిల్లలకు మీసం రాకముందే ఇలాంటిదొకటి జేబులోకి వస్తుంది. కాకపోతే మిగతావాళ్ళు కత్తిని జేబులో వేసుకుని తిరుగుతారు. బాల్జ్ విషయంలో కత్తే బాల్జ్‌ను వెంటేసుకుని తిరిగేది.

పెళ్ళయిన ఏడాది తిరక్కుండానే ఆయన భార్య రెగులా ఒక సంగతి కనిపెట్టింది. మొగుడి ప్యాంట్లన్నీ కుడివైపుకే జారతాయి. ఆ బరువుకు జేబులు చిరిగేవి. ఆమె కుట్టేది. మళ్ళీ చిరిగేవి. చివరికి విసుగెత్తి, పాత బూటు తోలు కత్తిరించి అన్ని ప్యాంట్లకూ కుడి జేబులు తోలుతో కుట్టిపారేసింది. దాంతో జేబు చిరగడం ఆగి, ప్యాంటే కిందికి దిగడం మొదలైంది.

"ఆదివారం ఒక్క పూటైనా దాన్ని ఇంట్లో పెట్టి రారాదూ?" అనేది చర్చికి బయల్దేరుతూ.

"అక్కడేదైనా వదులైతే?"

"వదులైంది నీ ప్యాంటే!"

అయినా బాల్జ్ వినడు. కీర్తన పాడ్డానికి అందరూ నిటారుగా లేచి నిలబడితే, ఆయనొక్కడే కుడిచేత్తో నడుము పట్టుకుని, కొంచెం ఒరిగి, భక్తిగా పాడేవాడు. కొత్తగా వచ్చిన పాస్టరు ఆయనకు నడుం నొప్పేమో అనుకుని చాలాకాలం ఆయన కోసం విడిగా ప్రార్థన చేశాడు.

ఎవరింట్లో ఏది కిర్రుమన్నా, కారినా, ఊడినా బాల్జ్ ముందుగా జేబు తడుముకునేవాడు. ముఖం వెలిగిపోయేది. "ఆగండాగండి, ఇదుంది కదా!" అనేవాడు. ఆ మాట చెవిన పడగానే రెగులా అప్రయత్నంగా దూదీ కట్టుగుడ్డా ఉన్న సొరుగు వైపు నడిచేది.

ఎందుకంటే ఆ కత్తికి ఒక దుర్గుణం ఉంది. విప్పిన మొన అలాగే నిలబడి ఉండటానికి దానికి ఏ బిగింపూ లేదు. స్క్రూ మర మీద ఆనించి కాస్త గట్టిగా నొక్కితే చాలు, దానికి పౌరుషం వచ్చి ఠక్కున ముడుచుకుంటుంది. మధ్యలో బాల్జ్ ఎడమ చూపుడు వేలు ఉంటుంది. ఆ వేలికి తెల్లగుడ్డ లేని రోజును రెగులా ఎరగదు. ఊళ్ళో పిల్లలు బాల్జ్ బొమ్మ గీస్తే టోపీ మర్చిపోతారేమోగానీ, వేలికి కట్టు మాత్రం మర్చిపోరు.

కత్తిని ఊరికే ఆడిపోసుకోవడం కూడా న్యాయం కాదు. రెగులా స్వయంగా ఒప్పుకున్న సందర్భాలున్నాయి. ఒకసారి ఊరి గాయక బృందమంతా కొండమీద పచ్చికబీడుకు విహారం వెళ్ళింది. రొట్టెలున్నాయి, సాసేజీలున్నాయి, బుట్టనిండా వైన్ సీసాలున్నాయి. బిరడా తీసే మర ఒక్కటే లేదు. అంత ఎత్తుకు మోసుకొచ్చిన సీసాల వైపు అందరూ దీనంగా చూస్తుంటే బాల్జ్ జేబు తడుముకున్నాడు. ఆ సాయంత్రం ఆయన్ను భుజాలమీద ఎక్కించుకోవడమొక్కటే తక్కువ. తర్వాత ఆయన అపస్వరంలో పాడినా ఎవరూ ఏమీ అనలేదు. అప్పటికి అందరి స్వరాలూ అలాగే ఉన్నాయి.

అలాగే పిల్లల అరికాల్లో ముల్లు దిగితే డాక్టరు దగ్గరికి కాకుండా బాల్జ్ దగ్గరికే తెచ్చేవారు. కంచెలో కొమ్ములు ఇరుక్కున్న ఆవును కర్ర కోసి విడిపించిందీ ఆ కత్తే. ఎప్పుడు ఏది ముంచుకొచ్చినా దగ్గర ఉండటం, అదీ దాని గొప్ప. ఇంట్లో దర్జాగా మేకుకు వేలాడే పెద్ద రంపం ఆ కంచె దగ్గరికి నడిచి రాలేదు కదా.

చిక్కల్లా ఎక్కడంటే, ఇంట్లో మేకుకు పెద్ద రంపం వేలాడుతున్నప్పుడు కూడా బాల్జ్ ఈ చిటికెన వేలంత రంపమే తీసేవాడు. వంటింటి బల్ల కాలు వదులైనప్పటి సంగతి చూడండి. మరను ఇటు తిప్పితే వెనక నట్టు కూడా దాంతోపాటే తిరుగుతోంది. నట్టును పట్టి ఉంచడానికి కత్తి కావాలి. మర తిప్పడానికీ కత్తే కావాలి. ఉన్న కత్తి ఒకటే.

"రెగులా! బల్లకిందికి దూరి ఆ నట్టు వేళ్ళతో గట్టిగా పట్టుకో."

"కింద సామాన్ల గదిలో మా నాన్న పానా ఉంది."

"ఉంటే ఉండనీ. పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను. అది కూడా నాలాగే తిరగబడుతోంది."

"ఇంకాస్త గట్టిగా!"

"బాల్జ్, పానా తెస్తే అయిదు నిమిషాల పని."

"అయిదు నిమిషాల పనికి అంత తొందరేం?" అన్నాడాయన, కత్తిలో ఇంకో మొన విప్పుతూ.

బల్ల కాలు బిగిసేసరికి సూపు చల్లారి పైన మీగడ కట్టింది.

ఇక ఆ కత్తి శుభ్రత గురించి చెప్పకపోవడమే మేలు. బూటు అడుగున మట్టి గీకేదీ, ఆపిల్ కోసేదీ, మా లోయ ఆకుపచ్చ జున్ను తురిమేదీ ఆ పెద్ద కత్తే. ఆ జున్ను వాసన తెలిసినవాళ్ళకు వర్ణించనక్కర్లేదు. తెలియనివాళ్ళకు వర్ణిస్తే నమ్మరు. రెగులా చెల్లెలి కూతురి పెళ్ళిలో మూడంతస్తుల కేకు బల్లమీదికొచ్చింది. కోసే కత్తి మాత్రం ఎక్కడో వంటవాళ్ళ దగ్గర ఉండిపోయింది. అంతా అటూ ఇటూ చూస్తుంటే వెనక వరసలోంచి వినిపించింది: "ఆగండాగండి, ఇదుంది కదా!"

రెగులా కుర్చీల మధ్య నుంచి పరుగెత్తిందిగానీ అందుకోలేకపోయింది. పెళ్ళికొడుకు జ్యూరిక్ నగరం వాడు. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. "మీ లోయలో కేకు కూడా జున్నుతోనే చేస్తారా?" అని మర్యాదగా అడిగాడు.

వీటన్నింటికంటే రెగులాకు అంతుపట్టనిది ఒకటుంది. చేతకానివాడు ఇలా చేస్తే నవ్వి ఊరుకోవచ్చు. బాల్జ్ చేతకానివాడు కాడు. మూసేసేదాకా ఊరి బట్టల మిల్లులో మగ్గాల మెకానిక్కు. ఆయన పనిచేసే చోట గోడనిండా పానాలు, పట్టకార్లు చిన్నా పెద్దా వరసలో వేలాడేవి. కళ్ళు మూసుకుని చెయ్యి చాపినా కావలసినదే చేతికొచ్చేది. మగ్గం ఆగిపోతే ఆయన వచ్చి, చెవి ఆనించి విని, ఒక్క తిప్పు తిప్పి వెళ్ళేవాడు. అలాంటి మనిషి పనిలోంచి దిగిపోయాక, సామాన్ల గదిలో పనిముట్లన్నీ పెట్టుకుని, ఊళ్ళో రిపేర్లకు ఈ ఆటబొమ్మ పట్టుకుని తిరుగుతాడేం?

తిరగడం అంటే మామూలు తిరగడం కాదు. మధ్యాహ్నం భోజనం కాగానే "ఫ్రిడ్లి తలుపు బందు మళ్ళీ ఊగుతోందట" అని బయల్దేరేవాడు. ఫ్రిడ్లి ఎల్మర్ అంటే కొండవాలులో పైన ఒంటరి ఇంట్లో మేకలతో ఉండే ముసలాయన. భార్య పోయాక కిందికి దిగడమే తగ్గించాడు. రెండు మరలు బిగించడానికి వెళ్ళిన బాల్జ్ పాలు పితికే వేళకు తిరిగొచ్చేవాడు. ఇంకో రోజు "టీచరుగారి కిటికీ" అనేవాడు. వెరేనా టీచరు అంటే బాల్జ్‌కు చిన్నప్పుడు అక్షరాలు దిద్దించిన మనిషి. ఆవిడ కిటికీ గొళ్ళెం మంచు కరిగే రోజుల్లో పాడై, గడ్డి కోతలు దాటి, ఆకులు రాలేదాకా బాగవుతూనే ఉంది.

ఒకరోజు రొట్టెల కొట్టులో ఎవరో అననే అన్నారు. "రెగులా, మీ ఆయన టీచరుగారి కిటికీ బాగుచేస్తున్నాడా, కొత్తగా చెక్కుతున్నాడా?" కొట్టంతా నవ్వింది. రెగులా కూడా నవ్వింది. ఇంటికొచ్చేదాకా చెవులు మాత్రం మండుతూనే ఉన్నాయి. మిల్లులో పేరు మోసిన మెకానిక్కును ఊరంతా వేళాకోళం చేస్తుంటే ఏ భార్యకు బాగుంటుంది?

అందుకే ఆయన పుట్టినరోజుకు పట్నం వెళ్ళి ఇనప పనిముట్ల పెట్టె కొనుక్కొచ్చింది. నీలం రంగుది. మూత తీస్తే మెట్లమెట్లుగా అరలు విచ్చుకుంటాయి. ప్రతి అరలోనూ మెరిసిపోతూ పానాలు, స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు. బాల్జ్ అరలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. ఒక పానా తీసి బొటనవేలితో నిమిరాడు. మళ్ళీ జాగ్రత్తగా అక్కడే పెట్టాడు.

"బాగాలేదా?" అంది రెగులా.

"బాగుంది. చాలా బాగుంది. మిల్లులో కూడా ఇంత మంచివి లేవు."

"అయితే ఇకనుంచి ఇదే తీసుకెళ్ళు. నామీద ఒట్టు."

బాల్జ్ అలాగే అన్నాడు. మాట ఇస్తే తప్పే మనిషి కాదు. ఆ మధ్యాహ్నమే పెట్టె మోసుకుంటూ ఫ్రిడ్లి ఇంటికి వెళ్ళాడు. రెగులా పాత్రలు కడిగి తుడిచేలోగానే తిరిగొచ్చేశాడు.

"ఏం, ఫ్రిడ్లి ఇంట్లో లేడా?"

"ఉన్నాడు. అయిపోయింది."

టీచరుగారి కిటికీ కూడా ఆ వారమే అయిపోయింది. తర్వాత సొంత ఇంటిమీద పడ్డాడు. కుళాయి కారడం మానేసింది. మెట్లు కిర్రుమనడం మానేశాయి. చివరికి బాగుచెయ్యడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు. బాల్జ్ వంటింటి కిటికీ దగ్గర కూర్చుని కొండ వైపు చూడటం మొదలుపెట్టాడు. వేలికి కట్టు లేదు. ప్యాంటు నడుముమీద తిన్నగా నిలబడింది. రెగులా కోరుకున్నవన్నీ జరిగాయి. ఇల్లు మాత్రం ఎవరో ఊరెళ్ళినట్టు ఉంది.

"కాస్త అలా తిరిగి రారాదూ?" అంది ఒకరోజు.

"ఎక్కడికి? ఎవరింట్లోనూ ఏమీ పాడవలేదు."

చలి ముదురుతున్నప్పుడు పాలకేంద్రం దగ్గర ఒక కబురు తెలిసింది. ఫ్రిడ్లి మేకల్ని అమ్మేస్తాడట. మంచు పడకముందే పట్నంలో వృద్ధాశ్రమానికి వెళ్ళిపోతాడట. కూతురు ఎప్పటినుంచో రమ్మంటున్నా వినని మనిషి, ఈసారి తనే ఫోను చేసి సరేనన్నాడట. రెగులాకు మనసు చివుక్కుమంది. ఇంట్లో అప్పుడే చేసిన ఎండు పియర్ పళ్ళ రొట్టె ఉంటే గుడ్డలో చుట్టుకుని, బాల్జ్‌కు చెప్పకుండా కొండెక్కింది.

ఇంటి మలుపు తిరిగేసరికి ఫ్రిడ్లి కనిపించాడు. తలుపు ముందు మోకాళ్ళమీద కూర్చుని, ముక్కు తలుపుకు ఆనించి, వెన్న రాసుకునే చెంచాకత్తితో దేన్నో తిప్పుతున్నాడు. ఊపిరి బిగబట్టి తిప్పుతున్నాడు. రెగులా సాయం చేద్దామని రెండడుగులు వేసి ఆగిపోయింది. ఆయన తలుపు బందు మరను బిగించడం లేదు. విప్పుతున్నాడు.

"ఏంచేస్తున్నారు ఫ్రిడ్లి?"

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. చెంచాకత్తిని చొక్కాలోకి తోసేశాడు. "ఏమీ లేదు. ఈ తలుపు... దానంతటదే వదులవుతుంది. పాత తలుపు."

"నేను చూశాను."

ఫ్రిడ్లి కాసేపు మేకల వైపు చూశాడు. తర్వాత కోపం తెచ్చుకున్నాడు. "ఆ పెట్టె నువ్వే కొన్నావటగా! ఏం పెట్టెనమ్మా అది? వచ్చాడు, మూత తీశాడు, గిర్రున తిప్పాడు, మూత వేశాడు. కాఫీ పొయ్యిమీదే ఉంది, ఇంకా మరగనే లేదు! ఇంతలా బిగించాడు, చూడు. చేతులు పడిపోతున్నాయి, ఒక్క చుట్టు కూడా రావడం లేదు."

రెగులాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నవ్వునే బయటికి రానిచ్చింది. "అంత కష్టం ఎందుకు? రమ్మని కబురు పెడితే రాడా?"

"ఏమని పెట్టను? నాకు తోచడం లేదు, వచ్చి కూర్చో అననా? నేనేం చంటిపిల్లాణ్ణా?" అన్నాడు ఫ్రిడ్లి. కాస్త ఆగి, "మీ ఆయనకు మాత్రం చెప్పకు. పాపం, తలుపు నిజంగానే పాడవుతుందనుకుంటాడు" అన్నాడు.

రెగులా కొండ దిగి ఇంటికొచ్చింది. బాల్జ్ కిటికీ దగ్గరే ఉన్నాడు. ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఫ్రిడ్లి తలుపు ఎందుకు వదులవుతుంది?"

బాల్జ్ ఆమె ముఖం చూశాడు. పైకి వెళ్ళొచ్చిందని బూట్ల మట్టి చూసి గ్రహించాడు. "వెన్న కత్తితో విప్పుతాడు. బందు మరల తలలమీద గీతలు ఉంటాయిగా. మగ్గాలు చూసినవాణ్ణి, తలుపు తెలియదా?"

"తెలిసే వెళ్ళేవాడివా?"

"పిలిచాడు కదా మరి."

"టీచరుగారి కిటికీ?"

"ఆవిడ గొళ్ళెంలో అగ్గిపుల్ల దూరుస్తుంది. ప్రతిసారీ నేను తీసి జేబులో వేసుకుంటాను. ఆవిడ చూడనట్టు చూస్తుంది."

రెగులా కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కుంది. "ఊరికే పలకరించి రావచ్చు కదా?"

"ఒకసారి వెళ్ళాను. ఫ్రిడ్లి భార్య పోయిన కొత్తలో. ఎలా ఉన్నావో చూద్దామని వచ్చానంటే, చూశావుగా, ఇక వెళ్ళు అని తలుపేశాడు. ఆ తలుపే తర్వాత వదులైంది. పనికి వెళ్తే వేరు. వాళ్ళు మనకు కాఫీ పోస్తారు. అందులో చుక్క సారా కలుపుతారు. అక్కడ కాదు, ఇక్కడ తిప్పు అని నాకు పని నేర్పుతారు. టీచరుగారైతే ఇప్పటికీ నా తిప్పుడు బాగాలేదంటారు. మంచి పానాతో అదంతా అయిదు నిమిషాల్లో ముగిసిపోతుంది. ఈ కత్తితో పొద్దుగూకేదాకా పడుతుంది. దీనికంటే పనికిమాలిన స్క్రూడ్రైవర్ దొరికితే చెప్పు, అదే తీసుకెళ్తాను."

"మరి మనింట్లో? నేనేం తలుపేశాను?"

బాల్జ్ ముఖం ఎర్రబడింది. "ఇంట్లో... నేను ఆలస్యం చేస్తుంటే నువ్వు పక్కనే నిలబడి తిడతావు కదా. మిల్లు మూసేశాక చెవులు ఖాళీ అయిపోయాయి. అంత చప్పుడులో పనిచేసినవాణ్ణి. ఎవరైనా ఏదో ఒకటి అంటుంటే బాగుండేది."

రెగులా లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అటు తిరిగే అంది: "ఒట్టు తీసేశాను. పొద్దస్తమానం ఆ పెట్టె మొయ్యడం మానెయ్. తెలివితక్కువవాడా!"

"ఇంకొకసారి అను" అన్నాడు బాల్జ్.

ఆ ఆదివారం ఇద్దరూ కలిసి కొండెక్కారు. దారిలో టీచరుగారింటి దగ్గర ఆగి, ఫ్రిడ్లి తలుపు మరీ మొండికేసిందనీ, ఎవరైనా దగ్గరుండి బాల్జ్‌కు చెబితేగానీ కుదరదనీ రెగులా చెప్పింది. వెరేనా టీచరు చేతికర్ర తీసుకుని వెంటనే బయల్దేరింది. "నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ వీడిది వంకర చెయ్యి" అంటూ.

ఫ్రిడ్లి ముగ్గుర్ని ఒకేసారి చూసి కంగారుపడ్డాడు. లోపలికెళ్ళి దొరికినన్ని కప్పులు తెచ్చాడు. బాల్జ్ తలుపు దగ్గర, ఈపాటికి ఎలాగో వదులైన బందు ముందు మోకాళ్ళమీద కూర్చుని కత్తి విప్పాడు. టీచరు "అటు కాదు, ఇటు" అంది. రెగులా రొట్టె కోసింది. కాఫీ అయింది. ఫ్రిడ్లి అలమరలోంచి నలిగిపోయిన పేకముక్కల కట్ట తీసి, పట్నం వెళ్ళేముందు అమ్మేయడానికి పోగేసిన వస్తువుల పక్కన కాకుండా బల్ల మధ్యలో పెట్టాడు. ముక్కలు కలుపుతూ తలలు లెక్కపెట్టాడు. బల్ల దగ్గర ముగ్గురే ఉన్నారు. మా లోయలో ఆడే ఆటకు నలుగురు కావాలి.

"బాల్జ్, అది వదిలేసి రా" అన్నాడు.

"ఒక్క మరే మిగిలింది."

"రా అంటుంటే!"

"తర్వాత తలుపు ఊడి నీమీద పడితే?"

"నేను విప్పితే కదా అది ఊడేది!" అని అరిచాడు ఫ్రిడ్లి.

 ఫ్రిడ్లి చెవులదాకా ఎర్రబడి చేతిలో ముక్కల వైపు చూస్తూ ఉండిపోయాడు. మొదట టీచరు భుజాలు కదిలాయి. తర్వాత ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నాది అగ్గిపుల్లలే, ఫ్రిడ్లి. నీ అంత కష్టపడలేదు" అంది. ఆ నవ్వులో ఎవరు ఎవరికి ఏం చెప్పుకున్నారో రెగులాకు సరిగా వినబడలేదు.

బాల్జ్ వచ్చి కూర్చున్నాడు. ఖాళీ చేతులు ఏంచేసుకోవాలో తెలియక మోకాళ్ళమీద పెట్టుకున్నాడు. ఫ్రిడ్లి పంచిన ముక్కలు తీసి రెగులా ఆయన వేళ్ళ మధ్య పెట్టింది.

"వచ్చే ఆదివారం కూడా రండి," అన్నాడు ఫ్రిడ్లి, ఎవరి ముఖమూ చూడకుండా. "ఊరికే. పట్నం సంగతి వసంతంలో చూసుకుందామని మా అమ్మాయికి చెబుతాను."

బిగించని తలుపు గాలికి బార్లా తెరుచుకుంది. ఒక మేక గడప దాటి లోపలికొచ్చి, నలుగురినీ ఎగాదిగా చూసి, బల్లమీది రొట్టె వైపు నడిచింది. ఎవరూ లేవలేదు. ఫ్రిడ్లికి మంచి ముక్కలు పడ్డాయి.